కొదువ గాదా, కుదువ గాదా?

తిరుపతి నుంచి, ప్రశ్న అడిగినవారు:
పెద్దలందరికీ నమస్కారం. మా నాయన బీమా ఏజెంటు. మొదట్లో ఆయన దగ్గర కాసియో డిజిటల్ డైరీ ఉండేది. 1999లో మా చిన్నాయన అమెరికా నుంచి వస్తా ఒక పామ్ త్రీ, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, తెచ్చిచ్చినాడు. ఇంక అదే లోకం. రేణిగుంట, పుత్తూరు, కాళహస్తి పాలసీదారుల అడ్రసులు, ఎవరి ప్రీమియం ఏ తేదీకి, ఎవరింట్లో పెళ్లి, అన్నీ చొక్కా జేబులోనే. దాని స్టైలస్‌ని ‘గంటం’ అనేవాడు. “నా గంటం యాడబెట్టినారే” అని ఇల్లంతా వెతికించేవాడు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ పామ్‌లో ఏమీ మిగల్లేదు, బ్యాటరీలు అయిపోయిన్నాడే అంతా తుడిచిపెట్టుకుపోయింది. కంప్యూటర్లోకి హాట్‌సింక్ చేసిన కాపీ మాత్రం ఉండింది. మొన్న పాత హార్డ్‌డిస్కు తెరిపిస్తే మెమోలు బయటపడినాయి. పామ్‌లో తెలుగు లేదు గదా, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగే. వాటిలో ఒకటి అందరికీ తెలిసిన వేమన పద్యం, ‘అనువుగాని చోట’. రెండో పాదం మాత్రం ఇట్లుంది: ‘కొంచెముండుటెల్ల కుదువ గాదు’.

‘కొదువ’ కాదు. కే పక్కన స్పష్టంగా యూ ఉంది. ఈ పద్యం ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను, కాని ఆ ఒక్క అక్షరం ఎట్లా పలికేవాడో ఎంత తలుచుకున్నా చెవికి అందడంలేదు. ‘కుదువ గాదు’ అనే పాఠం ఎక్కడైనా ఉందా?

పీలేరు పంతులు:
నేను చూసిన ప్రతుల్లో కొదువ, కొదవ, ఈ రెండే. కుదువ అంటే తాకట్టు. చిన్నగా ఉండడం తాకట్టు కాదంటే అన్వయమేముంది నాయనా? రాతలో తప్పు పడింది. మీ నాయనగారి మీద గౌరవంతోనే చెప్తున్నా.

మదనపల్లె నుంచి, పామ్ వాడినవారు:
రాతలో తప్పంటే ఎట్లాంటి తప్పో చూడాల. పామ్ త్రీలో ఉండేది పాత గ్రాఫిటీ, అంటే దాని తెర మీద అక్షరాలు గీసే పద్ధతి, ఒక అక్షరానికి ఒకటే గీత, గంటం ఎత్తేది లేదు. కే అయితే చేపబొమ్మ మాదిరి ఒక మెలిక. ‘ఏ’ అనే ఇంగ్లీషు అక్షరానికి అడ్డగీత లేదు. అందరం పడిన తిప్పలు యూ, వీ దగ్గర. వీ చివర చిన్న తోక గీయకపోతే యూ పడేది. నాకైతే ఓ కూడా పూర్తిగా మూయకపోతే యూ పడిన రోజులున్నాయి. 2003లో వచ్చిన గ్రాఫిటీ టూలో ఐ, టీ, కే, ఎక్స్‌లకు రెండేసి గీతలు పెట్టినారు, నా చెయ్యి మళ్లీ మొదటికొచ్చింది. మెమోలో వీ ఉండాల్సిన చోట ఏముందో చూసి చెప్పండి, ఆయన చెయ్యి ఎట్లాంటిదో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్ని మెమోలూ చూసినా సార్. వీలన్నీ వీలుగానే ఉన్నాయి. అదే పాదంలో ‘కొంచెము’లో ఓ కూడా సరిగ్గా ఉంది.

మదనపల్లె:
వీకి తోక మరవని మనిషి ఓను నోరు తెరిచి వదలడు. ఆయన యూ అనే రాసినాడు. నా లెక్క ఇది.

పలమనేరు అక్క:
పంతులుగారూ, తాకట్టు అర్థాన్ని అంత సులభంగా తోసెయ్యొద్దు. మా అవ్వ “కమ్మలు కొదవ బెట్నాం” అనేది. అక్కడ ఒకారమే పలికేది, అర్థం మాత్రం తాకట్టే. మా పక్క కొదవ, కుదవ నాలుక మీద కలిసిపోయినాయి. ఆయన కొరత అనే అర్థంలోనే ‘కుదువ’ అని పలికి, పలికినట్టే రాసుకుని ఉంటాడు.

తిరుచానూరు:
నాకు ఎప్పటినుంచో ఒక ఊహ ఉంది. కుఱుచ, కొఱత ఒక్క ధాతువు నుంచి వచ్చినవే. రెండో అక్షరంలో ఉకారం ఉంటే ముందు ‘కు’ నిలిచింది, అకారం ఉంటే ‘కొ’ అయింది. ఆ లెక్కన అకారంతో ‘కొదవ’ నిజం, ఉకారంతో ‘కుదువ’ నిజం. మనం అచ్చులో చదివే ‘కొదువ’ ఈ రెంటినీ కలిపి కుట్టిన మాట. వాళ్ల నాయన రాసిందే పాత రూపం.

పీలేరు పంతులు:
కుఱుచ, కొఱత సంగతి ఒప్పుకుంటాను. దాన్ని దీనికి తగిలించడం ఒప్పుకోను. మూడక్షరాల మాటల్లో నడిమి అచ్చు ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. చిలక, చిలుక. ఉడత, ఉడుత. మిడత, మిడుత. కొదవ, కొదువ కూడా అంతే. నడిమి అచ్చును నమ్ముకుని మొదటి అచ్చును మార్చకూడదు.

శ్రీకాళహస్తి:
మూడో దారి ఒకటుంది. ఆ కాలంలో ఇంటర్నెట్టులో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు ఆర్‌టీఎస్ అనే పద్ధతి వాడేవాళ్లు. చిన్న డీ అయితే ద, పెద్ద డీ అయితే డ. పామ్‌లో పెద్దక్షరం కావాలంటే ముందు కిందినుంచి పైకి ఒక గీత గీయాల, ఆ ఓపిక ఎవరికుంటుంది? అందుకే అది ‘కుడువ గాదు’ ఎందుకు కాకూడదు? కుడుచుట అంటే తినడం. కొంచెమే ఉంటే తినడానికి చాలదు!

ప్రశ్న అడిగినవారు:
ఆయన రాతలో పెద్ద డీ ఎక్కడా లేదు సార్. ‘ఉండుట’లో కూడా చిన్న డీనే. దాన్నిబట్టి ద అనీ చెప్పలేం, డ అనీ చెప్పలేం.

పలమనేరు అక్క:
తినడానికి చాలదు అంటే మూడో పాదంలో కొండ, అద్దం ఎందుకొచ్చినట్టు? కొండ అద్దంలో చిన్నదైనా కొండే. పద్యం దేనికోసం నడుస్తా ఉందో చూడండి శ్రీకాళహస్తి అన్నా.

తిరుచానూరు:
యతితో తేల్చొచ్చు గదా? ‘కొంచె’కు ‘కుదువ’ చెల్లదు.

పీలేరు పంతులు:
చెల్లుతుంది. ఈ గుంపులో ఈ మాట అంటారనుకోలేదు. ఉ, ఊ, ఒ, ఓ ఒకదానికొకటి మైత్రి. కొదువ, కొదవ, కుదువ, ముగ్గురూ మూడు లఘువులే, సూర్యగణం నిలుస్తుంది, యతి నిలుస్తుంది. ఆటవెలది ఇక్కడ ఎవరి పక్షమూ పట్టదు. నిదర్శనం మన అన్నమయ్యే: ‘కొండలలో నెలకొన్న కోనేటిరాయడు వాడు, కొండలంత వరములు గుప్పెడు వాడు’. కొండకు గుప్పెడుతో యతి కుదిరిందా లేదా?

మదనపల్లె:
ఆ ‘గుప్పెడు’ను నేను చిన్నప్పటినుంచి పిడికెడు అనుకుని పాడుకున్నా. కొండలంత వరాలు పిడికిట్లో పెట్టుకున్నవాడని. కాదంటారా?

పీలేరు పంతులు:
కాదు. గుప్పు అంటే కుమ్మరించు. వరాలు గుప్పేవాడు. పిడికెడు అర్థం తీసుకుంటే కీర్తన కుంచించుకుపోతుంది.

పలమనేరు అక్క:
కుంచించుకుపోదు పంతులుగారూ. కుమ్మరించడమే అర్థం, నేనూ ఒప్పుకుంటా. కాని వినేవాడి చెవిలో పిడికెడు కూడా మోగుతుంది, అన్నమయ్యకు ఆ మోత తెలియదా? కొండంత ఒక పక్క, గుప్పెడంత ఒక పక్క. నేను ఆ కీర్తన పాడినప్పుడల్లా రెండూ వింటా.

తిరుచానూరు:
ఈ విషయంలో అక్క పక్షం నేను. గంటం మాట వచ్చింది గనక చెప్తా. ఆ పాటలు రాగిరేకుల మీద చెక్కించబట్టి, తాళ్లపాకవారి అరలో శతాబ్దాలు పడి ఉన్నా మనదాకా వచ్చినాయి. మా ఇంట్లో తాటాకు పుస్తకం ఒకటుంది. దాంట్లో కొ, కో రెండూ ఒకే తీరు, సందర్భాన్ని బట్టి చదువుకోవాల్సిందే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్న ఆ పెద్దాయనకూ అదే కష్టం. ఆయన రాసింది ఆయన చదువుకోడానికి. మనకోసం కాదు.

మదనపల్లె:
పామ్ త్రీలో బ్యాటరీలు మార్చాలంటే నాకు చేతులు వణికేవి. రెండు సన్న బ్యాటరీలు తీసి, ఒక నిమిషంలోపల కొత్తవి వెయ్యాల. ఆలస్యమైతే అన్నీ పోతాయి. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త బ్యాటరీలు చేతిలో పెట్టించుకుని మార్చేవాణ్ణి.

శ్రీకాళహస్తి:
ఇంకో సందేహం. నేను బళ్లో ‘కొండద్దమందు’ అని కలిపి నేర్చుకున్నా. ‘కొండ యద్దమందు’ అని రాస్తే పరాయిగా ఉంటుంది.

పీలేరు పంతులు:
కలిపితే గణం చెడుతుంది. ‘కొండ’లో డ లఘువు కావాలి. సంధి చేస్తే ద్ద ముందు పడి గురువవుతుంది. సంధి లేదు గనక యడాగమం, ‘కొండ యద్దమందు’. ఇంకా చెప్పాలంటే ‘అందు’ ద్రుతాంతం, తర్వాత ‘గొంచెమై’ అని సరళం రావాలి. ‘కొంచెమై’ అని అచ్చేసేవాళ్ల మీద నాకు ఎప్పుడూ ఫిర్యాదే. వాళ్ల నాయన మూడో పాదం ఎట్లా రాసినాడో అడగండి. అక్కడ ‘జీ’ ఉంటే ఆయన వ్యాకరణం తెలిసిన మనిషి, అప్పుడు రెండో పాదంలో ‘కుదువ’ చెయ్యిజారి రాసింది కాదని నేనూ ఒప్పుకుంటా.

తిరుచానూరు:
మన ఊళ్లో కొండ అంటే ఒకటే కొండ. ఆయనకూ అదే కనబడి ఉంటుంది అద్దంలో.

ప్రశ్న అడిగినవారు:
పంతులుగారూ, ఇప్పుడే మళ్లీ తెరిచి చూసినా. అమ్మనూ పక్కన కూర్చోబెట్టుకున్నా. “మీ నాయన కొదవ అనే అనేవాడు” అని మొదట అనింది, కాసేపాగి “కుదవ అనేవాడేమో” అనింది. మూడో పాదం లేదు సార్. రెండో పాదం కింద ఒక గీత ఉంది. దాని కింద ‘పుత్తూరు, 14, బ్యాటరీలు 2’ అని రాసుకున్నాడు.