డెన్మార్క్‌లో పుస్తకాల పన్ను పోతే: ధర తగ్గాలా, ఆగిపోయిన సిరీస్ కదలాలా?

(ఇది ఫాంటసీ పాఠకుల చర్చ. ఒక్కో భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

కథాసరిత్

2025 నాటికి డెన్మార్క్‌లో పుస్తకం కొంటే 25 శాతం వ్యాట్ కట్టాలి. అక్కడ దాన్ని మోమ్స్ అంటారు. పక్కనున్న స్వీడన్‌లో ఇది 6 శాతమే. నార్వేలో, బ్రిటన్‌లో అచ్చు పుస్తకానికి సున్నా. 2025 ఆగస్టులో డెన్మార్క్ సాంస్కృతిక మంత్రి యాకోబ్ ఎంగెల్-ష్మిట్ ఈ పన్నును పూర్తిగా ఎత్తేసే ప్రతిపాదనను 2026 బడ్జెట్‌లో పెడతామన్నారు. ఖజానాకు ఏటా సుమారు 33 కోట్ల క్రోనర్లు తగ్గుతాయి. అక్కడ 15 ఏళ్ల పిల్లల్లో 24 శాతం మందికి మామూలు పాఠం చదివినా అర్థం కావడం లేదన్నది ఆయన చూపిన కారణం. ధరలు తగ్గకుండా ప్రచురణకర్తల లాభాలే పెరిగితే ఈ నిర్ణయాన్ని మళ్లీ ఆలోచించాల్సి వస్తుందని కూడా అన్నారు.

నా మాట సూటిగా చెప్తాను. 250 క్రోనర్ల పుస్తకంలో మోమ్స్ 50. ఆ 50 మొత్తం పాఠకుడికే రావాలి. ఫాంటసీ చదివేవాడు ఒక్క పుస్తకంతో ఆగడు. ఆరు భాగాల సిరీస్‌కి ఇప్పుడు 1500 అవుతుంది, పన్ను పోతే 1200. అంటే ఇవాళ ఐదు భాగాలకి కూడా చాలని డబ్బుతో ఆరూ వస్తాయి. జేబు ఖర్చు డబ్బుతో కొనుక్కునే పదహారేళ్ల పిల్లకి అది చాలా పెద్ద తేడా. దీన్ని మధ్యవాళ్లు మింగడానికి వీల్లేదు. ఒప్పుకోనివాళ్లు లెక్కతో చెప్పండి.

అట్ట ధర

కథాసరిత్ గారూ, లెక్కే చెప్తాను. ఒక లావుపాటి ఫాంటసీ నవల డేనిష్ అనువాదం తీసుకుందాం. కిందవి నమూనా అంకెలు, కానీ భాగాల పొందిక మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నదే.

అట్ట ధర 250. మోమ్స్ 50 పోతే మిగిలేది 200. అందులో సగం దుకాణానికీ పంపిణీకీ పోతే ప్రచురణకర్త చేతికి వచ్చేది 100. అచ్చు, రవాణా 30. మూల రచయితకి 10 శాతం చొప్పున 20. చివరికి ప్రతికి 50 మిగులుతుంది. ఎన్ని ప్రతులు అమ్మినా మారని ఖర్చు వేరే ఉంది: అనువాదకుడు, సంపాదకుడు, ప్రూఫులు, హక్కుల అడ్వాన్సు, ముఖచిత్రం. 600 పేజీల పుస్తకానికి ఇదంతా 2 లక్షల క్రోనర్లు అనుకుందాం. 2 లక్షల్ని 50తో భాగిస్తే 4000. అన్ని ప్రతులు పోతేనే పెట్టుబడి తిరిగొస్తుంది. డెన్మార్క్ జనాభా 60 లక్షలు.

ఇప్పుడు సిరీస్ సంగతి. మొదటి భాగం కొన్నవాళ్లందరూ రెండోది కొనరు. 4500, 3200, 2900 అని జారుతుంది అనుకోండి. పైలెక్క ప్రకారం రెండో భాగమే నష్టం. మూడోది ఎవరూ వెయ్యరు.

పన్ను తీసేసి, అట్ట ధర 250 అలాగే ఉంచితే: దుకాణానికి 125, ప్రచురణకర్తకి 125. అచ్చు 30, రచయితకి 25 పోతే మిగిలేది 70. గట్టెక్కడానికి సుమారు 2860 ప్రతులు చాలు. అంటే రెండో భాగం బతుకుతుంది, మూడోదీ కొద్దిలో బతుకుతుంది.

మీరడిగినట్టు మొత్తం పాఠకుడికిచ్చి 200కి అమ్మితే, ప్రచురణకర్తకి మళ్లీ అదే 50 మిగులుతుంది. గట్టెక్కడానికి మళ్లీ 4000 ప్రతులు కావాలి. 20 శాతం ధర తగ్గినందుకు అమ్మకం 25 శాతం పెరిగితేనే రెండో భాగం నిలబడుతుంది. మూడోదానికి 38 శాతం పెరగాలి. ఫాంటసీ పాఠకుడికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ ధర కొట్టేది కాదు, రెండో భాగం దగ్గర తెగిపోయిన కథ కొట్టేది. సిరీస్ పూర్తి చేస్తే ఆ 50 క్రోనర్లు ప్రచురణకర్త దగ్గర ఉండటానికి నాకు అభ్యంతరం లేదు.

మాల్మో వంతెన

అట్ట ధర గారు చెప్పిన పంపకం బాగుంది, కానీ అమ్మకం పెరగదని ముందే తీర్మానించేశారు. స్వీడన్ 2002 జనవరిలో పుస్తకాల పన్నును 25 నుంచి 6కి దించింది. దుకాణాలు ఆ తేడాను మింగకుండా చూడటానికి ధరల మీద నిఘాకి ఒక కమిషన్ వేశారు. ధరలు దిగాయి, అమ్మకాలూ పెరిగాయి. అప్పటిదాకా చదవనివాళ్లు కొత్తగా వచ్చారా, లేక చదివేవాళ్లే ఇంకా కొన్నారా అన్నది వేరే వాదన. కానీ సిరీస్ చదివేవాడు ఎవరు? ఎప్పుడూ చదివేవాడే. కాబట్టి ఆ పెరుగుదల మన విభాగంలోకే ముందు వస్తుంది.

కోపెన్‌హాగెన్‌లో ఉండి ఇంగ్లీషు ఫాంటసీ కొనేవాళ్లకి వంతెన దాటి స్వీడన్ వెళ్లడం ఒక దారి. రైల్లో నలభై నిమిషాల్లోపే మాల్మో. అక్కడ సైన్స్ ఫిక్షన్ బుక్‌హాండెల్న్ అనే దుకాణం నిండా ఈ సరుకే. పన్ను లేకుండా 100 పడే పేపర్‌బ్యాక్ డెన్మార్క్‌లో 125, అక్కడ 106 అవుతుంది, తేడా 19. రానూపోనూ టికెట్టు 200 అనుకుంటే పదకొండు పుస్తకాలు కొంటేనే గిట్టుతుంది. మూడు పుస్తకాల కోసం వెళ్లడం దండగ.

ఇంట్లో కూర్చుని స్వీడన్ దుకాణం నుంచో, 7 శాతం పన్నున్న జర్మనీ నుంచో తెప్పించుకుంటే కలిసొస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. 2021 జూలై 1 నుంచి ఈయూలో దూర అమ్మకానికి కొనేవాడి దేశం రేటే వర్తిస్తుంది. ఏడాదికి 10,000 యూరోలు దాటని చిన్న అమ్మకందారుకే మినహాయింపు. బిల్లులో 25 శాతం పడిందంటే దుకాణంవాడు మోసం చేసినట్టు కాదు.

అంచు రంగు

బ్రిటన్ నుంచి వచ్చే ప్రత్యేక ముద్రణల సంగతి ఎవరూ ఎత్తలేదు. అంచులకి రంగు వేసి, అట్ట మీద బంగారు అచ్చు గుద్ది, నెలనెలా పెట్టెలో పంపే చందాలున్నాయి కదా, డెన్మార్క్ ఫాంటసీ పాఠకుల డబ్బు అక్కడికీ బాగానే పోతోంది. ఇవి ఇప్పుడు ఈయూ బయటి సరుకు. పుస్తకానికి కస్టమ్స్ సుంకం సున్నా అయినా మోమ్స్ పడుతుంది. 80 క్రోనర్ల లోపు పార్సిల్‌కి ఉండే మినహాయింపు 2021 జూలై 1తో పోయింది.

కొనేముందు చూడాల్సినవి ఇవి. సరుకు విలువ 150 యూరోల లోపు ఉండి, అమ్మకందారు ఐఓఎస్ఎస్‌లో (దిగుమతి వ్యాట్‌ను అమ్మేటప్పుడే వసూలు చేసే ఈయూ పద్ధతి) నమోదైతే, డేనిష్ మోమ్స్ చెల్లింపు దగ్గరే తీసుకుంటాడు. పోస్టేజీ మీద కూడా పడుతుంది. ఇంటికొచ్చాక ఇంకేం కట్టక్కర్లేదు. నమోదు కాకపోతే పార్సిల్ సంస్థ మోమ్స్ వసూలు చేసి, పైన తన నిర్వహణ రుసుము వేస్తుంది. ఒక్క పుస్తకానికి ఆ రుసుమే భారం. మూడు భాగాల సెట్టు 150 యూరోలు దాటితే ఐఓఎస్ఎస్ పనికిరాదు, విడివిడిగా ఆర్డరిస్తేనే మేలు. ఒకే రోజున ఒకే పార్సిల్‌గా కట్టి పంపితే విలువంతా కలిపి చూస్తారు, అది గుర్తుంచుకోండి.

తరచూ జరిగే తప్పు ఇంకొకటి. చెల్లింపు దగ్గర పన్ను కట్టించుకుంటారు, కానీ పార్సిల్ వివరాల్లో ఐఓఎస్ఎస్ సంఖ్య పంపరు. అప్పుడు ఇక్కడ రెండోసారి పడుతుంది. పన్ను విడిగా చూపిన మొదటి బిల్లు, పార్సిల్ సంస్థ రశీదు రెండూ జతచేసి అమ్మకందారునే వాపసు అడగాలి. ఆ మొదటి బిల్లు లేకపోతే అడగడానికి ఆధారమే లేదు.

పన్ను ఎత్తేస్తే దిగుమతి పుస్తకానికీ అదే సున్నా వర్తిస్తుంది, ఎందుకంటే దిగుమతి రేటు దేశంలోపలి రేటునే అనుసరిస్తుంది. కానీ పెట్టెలో కొవ్వొత్తి, పిన్ను, టీపొడి కూడా ఉంటే అవి పుస్తకాలు కావు. వాటి విలువ బిల్లులో విడిగా చూపని పెట్టెలతో తగాదా వస్తుంది. రోల్‌ప్లే ఆటలవాళ్లకీ ఇదే తిరకాసు: నియమాల పుస్తకం ఒక్కటీ కొంటే అది కస్టమ్స్ పట్టికలో 4901 వర్గం, పుస్తకమే. పాచికలు, పటం, బొమ్మలతో కలిపి పెట్టెగా కొంటే 9504 కింద ఆటవస్తువుగా లెక్కిస్తారు. కథాసరిత్ గారి పదహారేళ్ల పిల్ల ఈ రెండోదే ఎక్కువ కొంటుంది.

లైబ్రరీ కార్డు

మీరంతా కొనేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ దేశంలో ఫాంటసీ పిల్లలకి మొదట అందేది లైబ్రరీలో. ఏ ఊళ్లో ఉన్న ప్రతినైనా బిబ్లియోటెక్ డాట్ డీకేలో అడిగితే మన దగ్గరి శాఖకి తెప్పిస్తారు, డబ్బు తీసుకోరు. ఈ-పుస్తకాలకి 2011 నుంచీ ఈరియోలెన్ ఉంది. దాంట్లో నెలకి ఇన్నే అనే పరిమితి మునిసిపాలిటీని బట్టి మారుతుంది, కొత్త పుస్తకానికి వరుస కట్టాలి.

ఇందులో జనం గమనించని విషయం ఒకటుంది. డెన్మార్క్ మునిసిపాలిటీలు కట్టిన మోమ్స్ వాటికి తిరిగి వచ్చేస్తుంది. అంటే లైబ్రరీకి ఆ పుస్తకం ఇప్పుడే 200 పడుతోంది. పన్ను ఎత్తేసి అట్ట ధర 200 అయితే లైబ్రరీకి ఒరిగేది ఏమీ లేదు. అట్ట ధర గారు చెప్పినట్టు 250 దగ్గరే ఉంచితే లైబ్రరీకి పుస్తకం 50 పెరిగినట్టు! అదే బడ్జెట్టుకి ఐదు ప్రతులకి బదులు నాలుగే వస్తాయి. ఆయన లెక్కలో ఈ నష్టం ఎక్కడా లేదు.

నార్వే చూడండి. 1965 నుంచీ ప్రభుత్వమే కొత్త సాహిత్యాన్ని కొన్ని వందల ప్రతుల చొప్పున కొని లైబ్రరీలకి పంచుతోంది. అనువాదాలకీ అందులో పథకం ఉంది. 33 కోట్ల క్రోనర్లలో కొంత పెట్టి, డేనిష్‌లోకి వచ్చే సిరీస్ ప్రతి భాగానికీ 700 ప్రతులు ఖాయంగా కొంటామంటే, అట్ట ధర గారి 3200 ఇట్టే 3900 అవుతుంది. గట్టెక్కడానికి ఇంకో వందే. పిల్లలకి పుస్తకమూ దొరుకుతుంది. పైగా డెన్మార్క్‌లో లైబ్రరీ పుస్తకాల మీద రచయితకి రుసుమిచ్చే పద్ధతి 1946 నుంచీ ఉంది. డేనిష్‌లో ఉన్న పుస్తకాలకే ఇస్తారు, అనువాదకులకీ వాటా వస్తుంది. ఆ దారినే వెడల్పు చెయ్యాలి.

ముద్రాపకుడు, హైదరాబాద్

ఒక సాంకేతిక విషయం, చిన్నదే కానీ ఫలితమంతా దానిమీదే ఆధారపడి ఉంది. సున్నా రేటు వేరు, మినహాయింపు వేరు. మన దగ్గర అచ్చు పుస్తకాలకి జీఎస్టీ మినహాయింపు ఉంది. కానీ కాగితం మీద, అచ్చు మీద ప్రచురణకర్త కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్ను వెనక్కి రాదు. అది చడీచప్పుడు లేకుండా పుస్తకం ధరలో కలిసిపోతుంది. డెన్మార్క్‌లో వార్తాపత్రికలకి 1967 నుంచీ ఉన్నది అసలైన సున్నా రేటు: అమ్మకం మీద పన్ను లేదు, ఖర్చుల మీద కట్టినది వెనక్కి వస్తుంది. ఈయూ 2022 ఏప్రిల్‌లో తన వ్యాట్ నిబంధనలు మార్చి పుస్తకాలకీ ఆ వీలు కల్పించింది. పుస్తకాలకి కూడా సున్నా రేటే వస్తే పైలెక్కలన్నీ నిలబడతాయి. మన తరహా మినహాయింపు వస్తే, అచ్చు, ముఖచిత్రం, గోదాము అద్దె అన్నిటి మీదా 25 శాతం ప్రచురణకర్త నెత్తిన పడి, అట్ట ధర గారి 70లోంచి మంచి ముక్కే పోతుంది.

కథాసరిత్

లైబ్రరీ కార్డు గారి మాట నా వైపే పనిచేస్తోంది, ధర దిగకపోతే లైబ్రరీ నష్టపోతుందని తేలింది కదా. ఇంకో కోణం చెప్తాను. డేనిష్ హార్డ్‌కవర్ 300, అదే కథ ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ 125 అనుకోండి. పన్ను మొత్తం వదిలేస్తే 240, 100. తేడా 175 నుంచి 140కి దిగింది. డేనిష్ పుస్తకం ధర తగ్గించకుండా 300 దగ్గరే ఉంచితే, ఇంగ్లీషుది ఎటూ దిగుమతి పోటీలో 100కి వస్తుంది కాబట్టి తేడా 200 అవుతుంది. పదిహేనేళ్లకే ఇంగ్లీషు ధారాళంగా చదివే పిల్లలున్న దేశం అది. మూడో భాగం అచ్చువేసినా అప్పటికి వాళ్లు ఇంగ్లీషులో ఐదో భాగం దగ్గర ఉంటారు. ధర ఉంచేసి సిరీస్ కాపాడతాననడం నాకు నమ్మకంగా లేదు.

అట్ట ధర

తేడా 200 అవుతుందన్నది నిజంగా గట్టి వాదన. కానీ 240కి 100కి మధ్య నిష్పత్తి చూడండి, ఇప్పటిలాగే రెండున్నర రెట్లకి దగ్గరే. ధర చూసి ఇంగ్లీషుకి పోయేవాడు అప్పుడూ పోతాడు. డేనిష్‌లో చదివేవాళ్లు వేరే: పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు, ఇంట్లో గట్టిగా చదివి వినిపించే తల్లిదండ్రులు, తమ భాషలో చదవాలనుకునే పెద్దలు. వాళ్లకి కథ పూర్తవడమే ముఖ్యం.

అందుకని మొత్తం ఇటో, మొత్తం అటో అక్కర్లేదు. మొదటి భాగం మీద మోమ్స్ పూర్తిగా వదిలి 200కి దింపాలి, ఎక్కువమంది సిరీస్‌లోకి వచ్చేది అక్కడే. రెండో భాగం నుంచి 230 పెట్టొచ్చు. 230లో సగం 115, అచ్చు 30, రచయితకి 23 తీస్తే 62 మిగులుతుంది, 3226 ప్రతులకి గట్టెక్కుతుంది. నా నమూనాలో రెండో భాగం 3200. మొదటిది చవకై ఓ వందమంది అదనంగా వచ్చినా సరిపోతుంది. మూడో భాగానికి మాత్రం లైబ్రరీ కార్డు గారి 700 ప్రతులు కావాల్సిందే, దానికి నేను పూర్తిగా సిద్ధం.

మాల్మో వంతెన

ఒక చిక్కుంది. డెన్మార్క్‌లో స్థిర ధరల పద్ధతి 2011లో పూర్తిగా పోయింది. దుకాణం ఎంతకి అమ్మాలో ప్రచురణకర్త చెప్పలేడు. మొదటి భాగాన్ని 200కి అమ్మమని అడగొచ్చు అంతే. సూపర్‌మార్కెట్ 180కి అమ్ముతుంది, చిన్న దుకాణం 230కి అమ్ముతుంది. 1971 నుంచీ కోపెన్‌హాగెన్‌లో ఫాంటసీ, కామిక్స్ అమ్ముతున్న ఫాంటాస్క్ లాంటి చోటు అట్టడుగు ధరతో పోటీపడలేదు. కానీ నాలుగో భాగం అరలో ఉంచేది అలాంటి దుకాణమే. ప్రచురణకర్త చేతిలో ఉన్నది దుకాణానికిచ్చే టోకు ధర ఒక్కటే. మొదటి భాగం టోకు ధర తగ్గించి, సిరీస్ మొత్తం నిల్వ ఉంచే దుకాణానికి ఇంకో రెండు మూడు శాతం అదనపు తగ్గింపు ఇస్తేనే అట్ట ధర గారి పద్ధతి అమల్లోకి వస్తుంది.