హామ్ రేడియో తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో నాయిస్: లూప్ ఆంటెన్నా కట్టాలా, అడాప్టర్ల వెంట పడాలా?

బ్రాడీపేట_డైపోల్:
అందరికీ నమస్తే. గుంటూరు బ్రాడీపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తు మాది. డాబా మీద 40, 80 మీటర్ల బ్యాండ్లకు ఇన్వర్టెడ్ వీ (మధ్య ఎత్తుగా, చివరలు కిందికి వాల్చిన తీగ డైపోల్ ఆంటెన్నా) కట్టుకున్నా. రిగ్ (రేడియో సెట్టు) ఆన్ చేస్తే చాలు, 80 మీటర్లలో ఏ సిగ్నలూ లేకుండానే ఎస్ మీటరు (వచ్చేదాని బలం చూపే మీటరు) ఎనిమిది మీద, అంటే ఎస్8 మీద కూర్చుంటోంది. పొద్దున్నే హైదరాబాద్ వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒకళ్ళిద్దరి గొంతే తెలుస్తుంది, మిగతావాళ్ళంతా ఆ గరగరలో కలిసిపోతున్నారు. పదేళ్ళ కిందట ఇదే డాబా మీద ఎస్3 ఉండేది. చేతిలో పదిహేను వేలున్నాయి. మీటరు వెడల్పు రిసీవ్ లూప్ (వినడానికి మాత్రమే వాడే రింగు ఆంటెన్నా) ఒకటి కొనాలా, ఆ డబ్బు కేబుళ్ళ మీద నాయిస్‌ని ఆపే ఫెరైట్ రింగులకి పెట్టి నాయిస్ ఎక్కడ పుడుతోందో వెతకాలా? ఇరవై ఫ్లాట్లు మరి, అదీ నా టెన్షన్.

పటమట_లూప్:
లూపే. రెండో ఆలోచన వద్దు. ఒక్కో ఫ్లాటులో ఫోన్ చార్జర్లు, టీవీ, ఎల్‌ఈడీ బల్బులు, వైఫై డబ్బా, ఆర్‌ఓ కలిపి ఏడెనిమిది స్విచింగ్ సప్లైలు (లోపల వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ నాయిస్ పుట్టించే పవర్ సప్లైలు) వేసుకోండి. ఇరవై ఇళ్ళకి నూటయాభై. ఎన్ని తలుపులు కొడతారండీ? ఇవాళ ఒకటి మార్పిస్తే రేపు ఇంకొకాయన ఆన్‌లైన్లో వంద రూపాయల చార్జరు తెప్పిస్తాడు.

ఇంకో సంగతి. లూపుని నిలువుగా పెడితే దాని రింగు ముఖం చూసే రెండు వైపులా చెవుడు, అటు నుంచి వచ్చేది పట్టదు. పక్క బిల్డింగు నాయిస్ నేలకి సమాంతరంగా వస్తుంది కాబట్టి ఆ చెవుడు వైపుకి తిప్పేయొచ్చు. హైదరాబాద్ నుంచి 80 మీటర్ల సిగ్నల్ దాదాపు నెత్తి మీంచి దిగుతుంది, దానికి లూపు ఎటు తిరిగినా పెద్ద తేడా ఉండదు. నాకు పటమటలో ఎస్8 ఉన్నది ఎస్3కి పడింది. చేత్తో తిప్పుతుంటే ఒకచోట మీటరు ధబేల్మని కిందికి పోతుంది, అది చూడాలి మీరు!

కొత్త_కాల్‌సైన్:
సార్, ఇవన్నీ ఎందుకు? ఇంటర్నెట్లో రిసీవర్లు బోలెడున్నాయి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళది 2008లోనే మొదలైంది. ఊరి బయట ఎవరైనా అలాంటిది పెడితే దాంట్లో విని ఇక్కణ్ణుంచి ట్రాన్స్‌మిట్ చేసుకోవచ్చు కదా.

గుణదల_మాష్టారు:
బాబూ, వినడం కూడా ఇంకొకళ్ళ చేత చేయించుకుంటే మనకి లైసెన్సెందుకు? ఆ చర్చ ఇంకోసారి పెట్టుకుందాం.

పటమట వారూ, మీ లూపు మీద నాకేం కోపం లేదు. ఆ ఎస్8, ఎస్3 లెక్కే నాకు మింగుడుపడటం లేదు. ఒక్కో ఎస్ యూనిట్ 6 డీబీ (డెసిబెల్) అనుకుంటే మీ నాయిస్ 30 డీబీ తగ్గింది. సంతోషం. అదే నిమిషంలో హైదరాబాద్ సిగ్నల్ ఎంత తగ్గిందో రాసుకున్నారా? డైపోల్ మీద ఎస్9 ఉన్న మనిషి లూపు మీద ఎస్4కి దిగితే మీకు మిగిలింది గుండుసున్నా. చిన్న లూపు అన్నిటినీ కలిపే తగ్గిస్తుంది, అందుకేగా దాని వెనక ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న ఆంప్లిఫయరు) పెడతారు. చూడాల్సింది సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య తేడా. మీటరు కిందికి దిగితే ప్రాణం హాయిగా ఉంటుంది, కాదనను.

ఆ చెవుడు కూడా ఒక్క దిక్కు నుంచి వచ్చే నాయిస్‌కే పనికొస్తుంది. అపార్ట్‌మెంట్లో నాయిస్ ఒక డబ్బాలో పుట్టి ఆగదు. కరెంటు వైర్లు, కేబుల్ టీవీ వైర్లు పట్టుకుని బిల్డింగంతా పాకుతుంది. డాబా మీద మీరున్న చోటికి నాలుగు వైపులా ఆ వైర్లే ఉంటాయి. లూపుని ఎటని తిప్పుతారు?

డైపోల్ గారూ, రూపాయి ఖర్చు పెట్టకముందు రెండు పనులు చేయండి. రిగ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి, మీ ఇంటి మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపి వినండి. మీటరు ఎంత పడితే అంత మీ ఇంట్లోది. తర్వాత డాబా మీద డైపోల్‌ని ఊడదీసి, కోయాక్స్ (ఆంటెన్నా నుంచి రిగ్‌కి వచ్చే కేబులు) ఆ చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడు (ఆంటెన్నాకి బదులు పెట్టే రెసిస్టరు) పెట్టి కిందికొచ్చి వినండి. ఆంటెన్నాయే లేదు కాబట్టి అప్పటికీ గరగర ఉంటే అది కోయాక్స్ పైతొడుగు పట్టుకుని దిగుతున్నదే. దానికి మందు చోక్, అంటే ఫెరైట్ రింగు మీద చుట్టిన కేబులు. 31 మిక్స్ (ఫెరైట్‌లో ఒక రకం) పెద్ద రింగు తీసుకుని సన్న కోయాక్స్‌ని పన్నెండు చుట్లు చుట్టండి. 43 మిక్స్ ఈ బ్యాండ్లకి అంత సాయం చేయదు. ఆ క్లిప్పులా బిగించే ఫెరైట్ పూసలు కేబులు మీద ఒక్కటి తగిలించి వదిలేస్తే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే 80 మీటర్లలో, ఉన్నా లేనట్టే. చుట్లు రెండింతలైతే అడ్డు నాలుగింతలవుతుంది, అందుకే చుట్టమంటున్నా.

సత్యనారాయణపురం_80మీ:
ఒక అనుభవం చెప్తా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధికీ కరెంటు పోయింది. బ్యాటరీ మీద 80 మీటర్లు పెడితే నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నా. ఎస్9! చుట్టుపక్కల ఇళ్ళన్నిటిలో చవక ఇన్వర్టర్లు మొదలయ్యాయి మరి. రెండో రాత్రికి ఒక్కొక్కరి బ్యాటరీ అయిపోతూ వచ్చింది. పదకొండింటికి ఎస్6, ఒంటిగంటకి ఎస్2. అవతల జనం నీళ్ళలో ఉంటే నేను బ్యాండు బాగుందని చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది, కానీ మన నాయిస్‌లో మనుషులు చేసింది ఎంతో ఆ రాత్రే తెలిసింది.

కొత్త తమ్ముడూ, ఆ రెండు రోజులూ నా ఫోన్లో నెట్ లేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్ల గతేమిటో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. అప్పుడు పనికొచ్చేది మన డాబా మీద మనకి వినబడేదే.

పటమట_లూప్:
మాష్టారూ, తేడా నేను రాసుకోలేదు, ఒప్పుకుంటున్నా. కానీ డైపోల్ మీద వినబడని మనిషి లూపు మీద వినబడ్డాడు, అది నా చెవి అబద్ధం చెప్పదు. నాకు ఇబ్బంది పెట్టేది ఎదురు డాబా మీది సోలార్ ఇన్వర్టరు ఒక్కటే, అందుకే నాకు లూపు కుదిరిందేమో. పొద్దుగూకితే అదీ నిద్రపోతుంది, రాత్రి 80 మీటర్లకి దాని బెడదే లేదు.

బ్రాడీపేట_డైపోల్:
ఆదివారం మాష్టారు చెప్పినట్టే చేశా. మా ఇంటి మెయిన్ ఆపితే ఎస్8 కాస్తా ఎస్7. అంటే మా ఇంట్లోది పెద్ద లెక్క కాదు. డమ్మీ లోడు పెట్టినా ఎస్5 ఉంది! డైపోల్ దగ్గరొకటి, రిగ్ దగ్గరొకటి చోక్ చుట్టి పెడితే మొత్తం ఎస్6కి దిగింది.

తర్వాత పాత ట్రాన్సిస్టర్ పట్టుకుని మెట్ల మీద తిరిగా. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా వస్తుంది కాబట్టి దానికి దూరంగా, స్టేషన్ లేని చోట ముల్లు పెట్టా. మూడో అంతస్తు వరకూ మామూలు గరగరే. లిఫ్టు రూము తలుపు దగ్గరికి రాగానే ట్రాన్సిస్టర్ తేనెపట్టులా మోగింది. లోపల సీసీ కెమెరాల అడాప్టరు డబ్బా. దాని వైర్లు పిట్టగోడ వెంట నా కోయాక్స్‌ని ఆనుకునే పోతున్నాయి. వాచ్‌మన్‌ని బతిమాలి ఒక్క నిమిషం ప్లగ్గు తీయించా. ఎస్4.

సెక్రటరీ గారు మాకు బాబాయి వరస. "దొంగలు పడితే నీ రేడియో పట్టిస్తుందిట్రా?" అన్నారు. చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌తో పాతకాలం 12 వోల్టుల సప్లై నా ఖర్చుతో కట్టించి పెడతానంటే ఒప్పుకున్నారు. బరువు రెండు కేజీలు, కెమెరాలు బాగానే పనిచేస్తున్నాయి.

పటమట_లూప్:
శభాష్. మిగిలిన ఎస్4 సంగతి? ఇక పట్టుకోవడానికి ఒక్క డబ్బా అంటూ లేదు, పంతొమ్మిది ఇళ్ళ చిల్లర. నా లూపు గుంటూరు తెస్తా, వచ్చే ఆదివారం పెట్టి చూద్దాం.

గుణదల_మాష్టారు:
తెండి, నేనూ వస్తా. ఈసారి నాయిస్ ఒక గడిలో, సిగ్నల్ ఒక గడిలో రాద్దాం. అన్నట్టు, డైపోల్ మీద ట్రాన్స్‌మిట్ నొక్కేటప్పుడు లూపుని విడదీసే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్చి) ఉందా? ఒకే డాబా మీద వంద వాట్లు తగిలితే ఆ ప్రీఆంప్ మిగలదు. నాది అలాగే పోయింది.