12 వోల్టుల డీసీ మోటారు పెట్టగానే ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లై) ఆగిపోతోంది, ఎందుకు?

వైట్‌ఫీల్డ్_వైరింగ్:
బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న 12 వోల్టుల బ్రష్ మోటారు, రెండే వైర్లు. చిన్న కన్వేయర్ బెల్టు కోసం. 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కి కలిపితే ఒక కుదుపు కుదిపి ఆగుతోంది, మళ్లీ కుదుపు. బైకు బ్యాటరీకి పెడితే హాయిగా తిరుగుతోంది, మీటరులో 2 ఆంపియర్లే. సప్లై పోయిందా? ఇది షంటా (అయస్కాంతత్వం ఇచ్చే ఫీల్డు కాయిల్, తిరిగే ఆర్మేచర్‌కి సమాంతరంగా), సీరీసా (రెండూ ఒకే వరుసలో)?

పీణ్య_ఆర్మేచర్:
సప్లైకి ఏమీ కాలేదండి. ఆగి ఉన్న మోటారు సప్లైకి వట్టి రాగి తీగే. తిరిగితేనే ఆర్మేచర్ కాయిల్స్‌లో ఎదురు వోల్టేజీ, అదే బ్యాక్ ఈఎంఎఫ్, పుడుతుంది. ఆర్మేచర్ నిరోధం 0.5 ఓమ్ అనుకోండి. స్టార్టులో 24 ఆంపియర్లు లాగుతుంది. స్పీడందుకుని ఎదురు వోల్టేజీ 11కి చేరితే మిగిలేది 1 వోల్టు, అంటే మీరు చూసిన 2 ఆంపియర్లు. బ్యాటరీ ఆ 24 ఇచ్చేస్తుంది, ఎస్‌ఎంపీఎస్ ఓవర్‌కరెంట్ అని కట్ చేసుకుంటుంది.

మీ మోటారు నిరోధం తెలియాలంటే ఓమ్స్ రేంజిని నమ్మకండి, బ్రష్ కాంటాక్టు వల్ల అంకె నిలవదు. షాఫ్టు వైస్‌లో బిగించి, బెంచ్ సప్లై నుంచి 1 వోల్టు ఇచ్చి ఆంపియర్లు చూడండి, వోల్టును ఆంపియర్లతో భాగిస్తే నిరోధం. షాఫ్టు కొంచెం కొంచెం తిప్పి నాలుగైదు చోట్ల కొలవండి, ప్రతిసారీ కొన్ని సెకన్లే.

సాఫ్ట్ స్టార్టు (వోల్టేజీ మెల్లగా పెంచడం) ఉన్న పీడబ్ల్యూఎం కంట్రోలర్ (సప్లైని వేగంగా ఆన్-ఆఫ్ చేసేది) పెట్టండి, 15-20 కిలోహెర్ట్జ్‌ది. బెల్టు బరువుతో లేవదేమో అని భయం వద్దు: 25 శాతం డ్యూటీలో, అంటే నాలుగో వంతు సేపే ఆన్‌లో ఉంటే, మోటారుకు 3 వోల్టులు, 6 ఆంపియర్లు అందుతాయి, సప్లై మీద సగటున పడేది 1.5 మాత్రమే. అయితే మోటారుకు అడ్డంగా షాట్కీ డయోడ్ ఉండాలి, గీత వైపు ప్లస్‌కి. అది లేకపోతే కంట్రోలర్‌లో స్విచ్చిలా పనిచేసే మాస్‌ఫెట్ ఎగిరిపోతుంది, ఈ లెక్కా పనిచేయదు. సప్లై వైపు 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి.

కమ్యుటేటర్_కబుర్లు:
రకం సంగతి నేను చెప్తా. ఊరికే షాఫ్టు తిప్పితే మల్టీమీటరులో డీసీ వోల్టేజీ కనిపిస్తే లోపల శాశ్వత అయస్కాంతాలున్నట్టే, పీఎండీసీ అంటారు. మీది దాదాపుగా అదే. వైర్లు తారుమారు చేస్తే వెనక్కి తిరుగుతుంది.

సీరీస్‌లో అలా వెనక్కి తిరగదు, ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసి తారుమారవుతాయి కాబట్టి, ఒక్కదాన్నే మార్చాలి. స్టార్టింగ్ టార్క్‌లో దాన్ని మించింది లేదు, డబ్ల్యూఏపీ-4 రైలు ఇంజన్లలో ఉన్నవీ అవే. కానీ పెద్ద సీరీస్ మోటారుకు బెల్టు కట్టకండి. బెల్టు తెగితే లోడు పోయి, ఆర్మేచర్ విచ్చుకునేదాకా స్పీడు పెరుగుతుంది. షంట్‌లో స్పీడు నిలకడ, దాని ప్రమాదం ఫీల్డు వైరు తెగడంలో. కాంపౌండ్‌లో రెండు వైండింగులూ ఉంటాయి.

షాపులో 'హై టార్క్' అంటే ఊరుకోకండి, గేరు నిష్పత్తి అడగండి.

వైట్‌ఫీల్డ్_వైరింగ్:
థ్యాంక్స్ అన్నా. బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు కూడా ఉన్నాయి.

పీణ్య_ఆర్మేచర్:
సన్నగా నీలంగా ఉంటే వదిలేయండి. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి పట్టీల గుండ్రటి భాగం) చుట్టూ వలయంలా మంట తిరిగితే ఆపేయండి. బ్రష్ అరిగిందేమో, స్ప్రింగు నొక్కుతోందో లేదో, గాడుల్లో కార్బన్ పొడి నిండిందేమో చూడండి. శుభ్రానికి ఎమరీ కాగితం వాడొద్దు, దాని రేణువులు గాడుల్లో ఇరుక్కుని షార్టు చేస్తాయి. మెత్తటి గ్లాస్ పేపరు చాలు. గోధుమరంగు మెరుపు పొర కనిపిస్తే దాన్ని మాత్రం గీకకండి, బ్రష్ సాఫీగా జారేది దాని మీదే.