పాత పటాన్ని గోదావరిలో కలపాలా, అద్దాల పెట్టెలో దాచాలా?

మగ్గంగుంట:
మా ఊరు జనగామ దగ్గర. పద్మశాలీలమైన మాకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారి కుటుంబం ఒకటి, మా ఊరితో కలిపి పదకొండు ఊళ్ల మిరాశితో, అంటే కథ చెప్పి ప్రతిఫలం పొందే వంశపు హక్కుతో, మా తాతల నాటి నుంచి వస్తూ ఉన్నది. వారు కథ చెబుతూ చూపించే బొమ్మల పటం 1961లో చేర్యాల నకాషీలు, అంటే పటాలు రాసే చిత్రకారులు, రాసినది. వెడల్పు మూడు అడుగులు, పొడవు ముప్పై ఎనిమిది అడుగులు. ఇప్పుడు విప్పినప్పుడల్లా ఎర్రరంగు పొడిగా రాలుతున్నది. మా మూలపురుషుడు భావనారుషికీ భద్రావతికీ పెళ్లి జరిగే గడిలో (ఒక్కో ఘట్టాన్ని రాసిన చట్రంలో) బట్ట నిలువునా చిరిగింది. కథకు పనికిరాని పటాన్ని పూజ చేసి గంగలో కలపడం వారి ఆచారం కనుక, 2027లో వచ్చే గోదావరి పుష్కరాలకు కాళేశ్వరంలో కలిపివేస్తామని ఆ ఇంటివారు కబురు పంపారు. మా కులసంఘంలో సగం మంది అది వారి ఇష్టమంటున్నారు. నాతో సహా మిగతా సగం మంది, సంఘ భవనంలో అద్దాల పెట్టె చేయించి దానిని అందులో పెట్టాలంటున్నాం. ఈ విషయం తెలిసిన పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

తాళపత్రం:
ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పి విరమించినవాడిగా ఒక్క మాట చెప్పదలచుకున్నాను, అది కొంచెం పొడుగైతే మన్నించాలి. ఆచారం పేరుతో నీటిపాలైన మన సంపదకు లెక్క లేదు. తమిళనాట ఆడి పద్దెనిమిదో రోజున ఇంట్లోని పాత తాళపత్రాలను నదిలో వదిలే అలవాటు ఉండేది. గ్రంథాల కోసం ఊరూరా తిరిగిన తమిళ పండితుడు ఉ.వే. సామినాథయ్యర్ ఆ సంగతి విని ఎంత కుమిలిపోయారో ఆయనే రాసుకున్నారు. మన దగ్గర బ్రౌన్ దొర సొంత డబ్బుతో కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు రాయించకపోతే, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ దంపతుల మ్యూజియంలో తెలంగాణ పటాలు కొన్ని నిలిచి ఉన్నాయంటే, ఎవరో ఒకరు వాటిని గంగ దాకా పోనీయకుండా ఆపబట్టే కదా. కాబట్టి నదిలో కలపడం తప్పు, సంఘ భవనంలో పెట్టడం కూడా అరకొర పనే. దానిని మ్యూజియానికే ఇవ్వాలి.

పటంవాళ్లబ్బాయి:
ఇక్కడ చర్చిస్తున్న పటం మా ఇంటిది. నన్ను అడగకుండానే మా ఇంటి దూలానికి వేలాడుతున్న వస్తువు గురించి తీర్మానాలు జరుగుతున్నాయి కనుక సమాధానం ఇస్తున్నాను. తొమ్మిది రోజులు ఆడి పాడిన బతుకమ్మను చెరువులో వదలకుండా ఎవరైనా అద్దాల పెట్టెలో పెడతారా? పటం మా ఇంట దేవుడు. దేవుడు చిరిగిపోతే అతుకు వేయం, ప్రదర్శనకు పెట్టం, సాగనంపుతాం. వేమన పద్యాల సంగతి తాళపత్రం గారు బాగానే గుర్తు చేశారు, కానీ బ్రౌన్ దొర వచ్చేనాటికి ఆ పద్యాలను చదివేవాళ్లు, రాసుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. మా కథ వినేవాళ్లు ఎందరున్నారో చెప్పగలరా?

ఇంకొక మాట. నా చిన్నతనంలో పరిశోధన చేస్తున్నానని ఒకాయన వచ్చి, మా తాత దగ్గరున్న చిన్న పటం ఫొటోలు తీసి పది రోజుల్లో తెస్తానని పట్టుకుపోయాడు. ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. దాచడమంటే మా ఇంట్లో ఆ మాటకు అర్థం అదే.

సుద్దమట్టి:
చేర్యాలలో నకాషీల దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్నవాడిని. ఎవరు ఎటు వాదించినా, సంఘ భవనంలో అద్దాల పెట్టె మాత్రం వద్దు. ఈ పటం బట్ట ఉత్త బట్ట కాదు. ఖద్దరుకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక కలిపి పూత మీద పూత వేసి, ఆరబెట్టి, రుద్ది నున్నగా చేస్తారు. అంటే పురుగుకు అది మూడు పూటల భోజనం. కిటికీ పక్కన పెట్టెలో నిలువుగా వేలాడదీస్తే పైనుంచి ఎండ, లోపల ఉక్క, కింద తన బరువును తానే మోయలేని బట్ట. ఐదేళ్లలో దేవుళ్ల ముఖాలు ఊడి పెట్టె అడుగున పడతాయి. లావుపాటి గొట్టానికి చుట్టి, వెలుతురు తగలకుండా, తేమ చూసుకుంటూ ఉంచాలి. అలా ఉంచితే దానిని ఎవరూ చూడలేరు, ఎవరూ చూడకపోతే సంఘంవారు పెట్టె మీద దాతల పేర్లు చెక్కించుకోలేరు.

నల్లకోటు:
పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 ప్రకారం వందేళ్లు దాటితేనే పురావస్తువు, రాతప్రతులకైతే డెబ్బై ఐదేళ్లు. 1961 నాటి పటానికి ఈ చట్టం అడ్డు రాదు. సొంతదారు ఎవరైతే వారి ఇష్టం.

మగ్గంగుంట:
నల్లకోటు గారు సొంతదారు అన్నారు కనుక చెప్పక తప్పడం లేదు. పటం చివరి గడి కింద నకాషీ చేతిరాతతో ఇలా ఉన్నది: "ప్లవ నామ సంవత్సరమున పద్మశాలి కులస్థులు చేయించి కూనపులి వారికి ఇచ్చినది." ఆనాడు మా ఊరిలో మగ్గానికి ఇంత అని చందా వేసుకుని చేయించారు. మా తాత మూడు చీరల కూలి ఇచ్చాడని మా నాయన చెప్పేవాడు. కనుక మాకు ఏ హక్కూ లేదనడం న్యాయం కాదు.

పటంవాళ్లబ్బాయి:
చేయించింది మీరు, కాదనను. తరువాతి మాట కూడా చదవండి. "ఇచ్చినది" అని ఉంది.

తాళపత్రం:
ఇక్కడ వ్యాకరణం కొంత అవసరం. "చేయించి" అసమాపక క్రియ, "ఇచ్చినది" దానిని పూర్తి చేసే మాట, రెంటికీ కర్తలు పద్మశాలి కులస్థులే. అయితే ఇవ్వడం అనేక విధాలు. కౌలుకు ఇచ్చిన భూమి కూడా "ఇచ్చినది" అనే అనిపించుకుంటుంది, అంతమాత్రాన కౌలుదారు దానిని ఏట్లో కలిపివేయలేడు. దానంగానా, వాడుకకా అన్నది ఆ వాక్యంలో తేలలేదు.

పటంవాళ్లబ్బాయి:
కౌలుకు అన్న మాట ఆ వాక్యంలో లేదు, మీరు తెచ్చి చేర్చారు. అమ్మాయి పెళ్లిలో ఇచ్చిన చీరను అరవై ఏళ్ల తరువాత పుట్టింటివారు వెనక్కి అడుగుతారా?

తాళపత్రం:
చీర దృష్టాంతం ఇక్కడ పొసగదు, ఎందుకంటే చీర మీద ఎవరూ శాసనం రాయించరు. దాత తన పేరు రాయించుకున్నాడంటే ఆ వస్తువుతో తన సంబంధం తెగలేదని చెప్పుకోవడమే. ఆలయాలకు ఇచ్చిన గంటల మీద, దీపపు సెమ్మెల మీద...

భివండి బిడ్డ:
గంటల దగ్గరికి వెళ్లిపోయాం. నేను ఈ కథను చివరిసారి విన్నది 1987లో, ఆ తరువాత మా వాళ్లమంతా భివండి పవర్‌లూములకు వచ్చేశాం. తామరతూడు దారంతో భావనారుషి దేవతలకు బట్టలు నేసే చోట మా నాయనమ్మ దండం పెట్టుకునేది. పటం ఎక్కడున్నా సరే, ఒక ఫొటో పెట్టండి.

చెరువుకట్ట:
మేము ముదిరాజులం. మాకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వారు మూడేళ్ల కింద మా ఊరికి వచ్చి, ఒక్క రాత్రి కూడా చెప్పనీయకపోతే, ఇంత బియ్యం పెట్టించుకుని తిరిగి వెళ్లారు. గౌడులకు కథ చెప్పే గౌడజెట్టివారు ఇప్పుడు మా వైపు రావడమే లేదు. మీరు పటం చివర ఏం రాసి ఉందో చూస్తున్నారు. ముందర ఎవరు కూర్చుంటున్నారో చూడడం లేదు.

మగ్గంగుంట:
ఈ వేదికలో అందరూ నన్నే దోషిని చేస్తున్నారు కనుక ఒక ప్రశ్న అడుగుతాను, పటంవాళ్ల అబ్బాయి గారు సూటిగా సమాధానం చెప్పాలి. నేను మా నాయన దగ్గర విన్న ఆచారం ఇది: కొత్త పటం రాయించి, ఇంటికి తెచ్చి, పూజ చేసి, కథ ఎత్తుకున్న తరువాతే పాతదానికి సెలవిస్తారు. దీపం ఆర్పే ముందు ఇంకో దీపం వెలిగించినట్టు. నిన్న నేను చేర్యాలకు ఫోను చేయించాను. మీ ఇంటి నుంచి కొత్త పటానికి ఎవరూ బయానా ఇవ్వలేదు. కొత్తది లేకుండా పాతదానిని కలిపితే అది ఆచారం కాదు, మిరాశిని తెంచుకోవడం. బతుకమ్మ మాట మీరు ఎత్తారు కనుక అంటున్నాను, బతుకమ్మను నీళ్లలో వదిలేది మళ్లీ ఏడాది పేర్చుకుంటామనే.

పటంవాళ్లబ్బాయి:
అవును. తెంచుకోవడమే.

ఇన్ని రోజులు దేవుడు, గంగ అని మాట్లాడినందుకు సిగ్గుపడుతున్నాను, కానీ ఆ మాటలు తప్ప మీరు వినేవి నాకు తోచలేదు. ఆ పటం మా ఇంట్లో ఉన్నంతకాలం పదకొండు ఊళ్ల మిరాశి నాకు వస్తుంది, నా తరువాత నా కొడుక్కి వస్తుంది. మిరాశి అంటే ఏమిటో మీరు హక్కు అని రాస్తారు, నేను చూసినది చెబుతాను. మా బాపు నాలుగు గంటలు గొంతు చించుకుని మార్కండేయుడి మహిమ చెప్పి దిగితే, మీసాలు కూడా రాని పిల్లగాడు "ఏరా, రేపు ఎన్నింటికి?" అని అడిగేవాడు. మాకు బంతిలో అన్నం పెట్టేవారు కాదు. బియ్యం, పప్పు, చింతపండు కొలిచి స్వయంపాకం ఇస్తే, మా అమ్మ చింతచెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండేది. త్యాగం కోసం, అంటే కథకు ఇంటింటా ఇచ్చే ప్రతిఫలం కోసం, గడప గడపకూ తిరిగితే, ఒక ఇంట్లో రెండు రూపాయలు తక్కువ ఇచ్చి, దానికి తగిన పద్యం చదవమని నవ్వేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మీ ఊరిలోనే, నా బడిలో చదివే అబ్బాయి ఇంటి ముందు బాపు పాటకు తాళం వేస్తూ నిలబడ్డాను. మరునాడు బడికి వెళ్లలేదు.

మీరు దాచాలనుకుంటున్నది ముప్పై ఎనిమిది అడుగుల బట్ట. నేను పారవేయాలనుకుంటున్నది ఆ చింతచెట్టు.

వేదిక నిర్వాహకులు:
సభ్యులు వ్యక్తిగత నిందలకు దిగకుండా కొనసాగించవలసిందిగా మనవి.

తాళపత్రం:
మీ బాధను గౌరవిస్తున్నాను. అయినా చెప్పక తప్పదు, అవమానం చేసింది మనుషులు, పటం కాదు. అవమానానికి శిక్ష చిత్రానికి వేయడం తగదు. మ్యూజియానికి ఇస్తే మిరాశీ పోతుంది, పటమూ మిగులుతుంది, మీకు కావలసిన రెండూ నెరవేరుతాయి.

సుద్దమట్టి:
తాళపత్రం గారూ, నకాషీ రాసినది సగం కథే. ఏ గడి దగ్గర ఆగాలి, ఎక్కడ పాట ఎత్తుకోవాలి, ఏ బొమ్మను కర్రతో చూపించి దాని గురించి కాకుండా వెనకటి గడిలోని మనిషి గురించి చెప్పాలి, ఇదంతా చెప్పేవాడి నోట్లోనే ఉంటుంది. చెప్పేవాడు లేని పటం కింద మ్యూజియంవారు "ఒక వివాహ ఘట్టం" అని రాస్తారు. ఎవరి వివాహమో తెలియక.

మగ్గంగుంట:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఆ చింతచెట్టు నాకు తెలుసు. దాని కింద వండుకోవడం తప్పని మాకు ఎప్పుడూ తోచలేదు, వారి పద్ధతి అది అనుకున్నాం. అయితే మా వైపు మాట కూడా ఒకటి ఉన్నది. మా ఊరిలో నా చిన్నప్పుడు నూట పది మగ్గాలు ఆడేవి, ఇప్పుడు నాలుగు ఉన్నాయి. సగం ఇళ్లకు తాళాలు, మిగతావారు సూరత్, భివండి, షోలాపూర్. గుంటలో దిగి నేసే చేతులు లేనప్పుడు త్యాగం ఎక్కడ నుంచి వస్తుంది? కథ పెట్టించలేకపోయింది పొగరుతో కాదు. మేము ఒకప్పుడు ఏమిటో చెప్పేది ఆ పటం ఒక్కటే మిగిలిందన్న ఆశతో అద్దాల పెట్టె అన్నాను, చందాల పలక కోసం కాదు.

మీ బాపుగారిని అడిగారా? ఇప్పటిదాకా మీరు "నేను" అనే రాశారు.

పటంవాళ్లబ్బాయి:
అడగలేదు. గంగలో కలుపుదామని నేనే అన్నాను, సరే అన్నాడు, అంతే. మీ ప్రశ్న చదివిన తరువాత నిన్న రాత్రి ఫోనులో అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, కొత్త పటం తనకు అక్కర లేదన్నాడు, వయసు డెబ్బై ఆరు. మ్యూజియం సంగతి చెబితే నవ్వాడు. కలిపే ముందు మీ ఊరిలో మొదటి గడి గణపతి దగ్గర నుంచి చివరి రాత దాకా, ఒక్క ముక్క వదలకుండా ఒకసారి చెబుతానన్నాడు. ఆ తరువాత పటం ఎక్కడికి పోవాలో అప్పుడు చూద్దాం అన్నాడు.

షరతులు నావి. ఫంక్షన్ హాలు వద్దు, మార్కండేయ గుడి ముందు పెట్టాలి. స్వయంపాకం ఇవ్వకూడదు, మీతోపాటు బంతిలో అన్నం పెట్టాలి. రికార్డు చేస్తే ఆ ప్రతి మొదట మా ఇంట్లో ఉండాలి. నాకు ఇప్పటికీ మిరాశి వద్దు.

మగ్గంగుంట:
బంతి సంగతి నా ఇంటి నుంచే మొదలవుతుంది. మిగతావారిని ఒప్పించడానికి కొంచెం సమయం ఇవ్వండి, ఇద్దరు ముగ్గురు మొండికేస్తారు. ఎన్ని రాత్రులు పడుతుంది?

తాళపత్రం:
పూర్తి పాఠం రికార్డు అవుతుందంటే నా ఖర్చులతో నేను వస్తాను. "ఇచ్చినది" విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు.

పటంవాళ్లబ్బాయి:
బాపు ఏడు రాత్రులు అంటున్నాడు. తాళం వేసే మా చిన్నాయన పోయాక ఆ పని చేయగలిగినవాడిని నేనొక్కడినే. నాకు సెలవు మూడు రోజులే ఉంది.