కేవోఎఫ్ (కింగ్ ఆఫ్ ఫైటర్స్) 97, స్ట్రీట్ ఫైటర్ 2, మెటల్ స్లగ్: మూడింటికీ ఒకే పెట్టె, స్టిక్ ఏది వేయాలి?

కొత్తపెట్టె:
ఈ మూడు ఆర్కేడ్ ఆటలూ ఇద్దరు ఆడేలా స్టిక్, బటన్లు ఉన్న కంట్రోల్ పెట్టె కట్టిస్తున్నా. నాలుగు సందేహాలు. స్టిక్ కింద గేటు (స్టిక్ కదలికని ఆపే చట్రం) చతురస్రమా, ఎనిమిది మూలలదా? బటన్లు నాలుగా, ఆరా? 18 మి.మీ. ప్లైవుడ్ పనికొస్తుందా? ఎన్‌కోడర్ (బటన్ నొక్కితే ఆటకి చేరవేసే బోర్డు) ఆలస్యాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?

డీపీ_కొట్టు:
ఎనిమిది మూలలదే, ఇంకో ఆలోచన వద్దు. 97లో ఇయోరి అనేవాడి సూపర్ మూవ్ యా ఓతొమే కొట్టాలంటే కింద నుంచి ముందుకి, అక్కణ్ణుంచి అర్ధచక్రం వెనక్కి. చతురస్ర గేటులో స్టిక్ మూలకి పోయి ఆగుతుంది, ముందు దిక్కు ఎక్కడుందో చేతికి అందదు. సన్వా కంపెనీ జేఎల్‌ఎఫ్ స్టిక్ కొంటే జీటీ-వై అనే ఎనిమిది మూలల గేటు విడిగా దొరుకుతుంది. కింద క్లిప్పులు నొక్కి పాతది తీసి ఇది బిగించడమే, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

టంకం:
గోడ రాసుకుంటూ తిప్పేవాళ్లకి ఏ గేటులోనూ మూవ్ పడదు. జేఎల్‌ఎఫ్‌లో స్టిక్ గోడకి తగలకముందే మైక్రోస్విచ్ క్లిక్‌మంటుంది, ఆ తర్వాత తోయడం దండగ. మూల ఉన్నదే స్ట్రీట్ ఫైటర్‌లో గైల్ లాంటివాళ్ల కోసం, దిక్కు కాసేపు పట్టి ఉంచి ఛార్జ్ చేస్తేనే వాళ్ల మూవ్‌లు పడతాయి. కింద-వెనక మూలలో పడేసి ఉంచితే సోనిక్ బూమ్‌కీ ఫ్లాష్ కిక్‌కీ ఒకేసారి ఛార్జ్ అవుతుంది. జీటీ-వై వేస్తే ఆ మూల కోసుకుపోయి, మూల దిక్కు పట్టే జాగా చిన్నదవుతుంది. కొద్దిగా చెయ్యి జారితే ఛార్జ్ మొత్తం పోతుంది.

డీపీ_కొట్టు:
గైల్ ఒక్కడి కోసం పెట్టె కడతారా? మరి జాంగీఫ్ 360 (స్టిక్ గుండ్రంగా తిప్పి వేసే పైల్‌డ్రైవర్ మూవ్) చతురస్రంలో తిప్పి చూపించండి.

టంకం:
పైల్‌డ్రైవర్‌కి పూర్తి చక్రం ఎందుకండీ? ముందు, కింద, వెనక, పైన వరసగా పడి పంచ్ పడితే చాలు, ముప్పావు చక్రమే. పైన తగిలాక పంచ్ ఆలస్యమైతే గాల్లోకి లేస్తాడు. అది వేళ్ల పొరపాటు, గేటుని తిట్టడం అన్యాయం.

ఇయోరి97:
ఇద్దరూ గేటు పట్టుకునే వేలాడుతున్నారు, స్ప్రింగు మాటే లేదు. జేఎల్‌ఎఫ్‌తో వచ్చే స్ప్రింగు మెత్తన, వదిలాక మధ్యకి మెల్లగా వస్తుంది. సెయ్‌మిత్సు కంపెనీ ఎల్‌ఎస్-56 స్టిక్ స్ప్రింగు అందులో పడుతుంది, బిగువు బాగా పెరుగుతుంది. 97లో ఇయోరికి ప్రాణం కుజుకాజె అనే మూవ్. ముందు నుంచి వెనక్కి అర్ధచక్రం, మళ్లీ ముందు, పంచ్. అవతలివాడు తూలగానే దగ్గర నుంచి సీ బటన్ (ఏ, సీ పంచ్‌లు; బీ, డీ కిక్‌లు), ముందు నొక్కి ఏ ఏ, ఆపైన కింద నుంచి వెనక్కి పావుచక్రం పంచ్ మూడుసార్లు. మెత్తని స్ప్రింగుతో ఆ చివరి ముందు దగ్గరే చాలామందికి పోతుంది. అర్ధచక్రం వెనక దాకా చేరకుండానే తిప్పేస్తారు.

మూడోస్టాక్:
ఇంకా 97 ఏంటి బ్రో? ఆగని కాంబోలతో (తప్పించుకోలేని వరస దెబ్బలతో) నిండిన ఆట. తర్వాతి కేవోఎఫ్ 98 నేర్చుకోండి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో జట్టులో మొదటివాడికి 3 స్టాక్‌లు (సూపర్ మూవ్‌లకి ఖర్చయ్యే శక్తి), రెండోవాడికి 4, మూడోవాడికి 5 దాకా దాచుకోవచ్చు. వరస ఎలా పెట్టాలన్నదే సగం ఆట.

ఇయోరి97:
అడిగింది 97 గురించి. 98లో కథే లేదు. ఓరోచి అనే విలన్ కథ ముగిసింది 97లో. ఆ ఆటని తక్కువ చేస్తే ఊరుకోను. సెలెక్ట్ స్క్రీన్‌లో స్టార్ట్ పట్టుకుని ఎడమ కుడి మూడుసార్లు, ఏ సీ కలిపి నొక్కితే పిచ్చెక్కిన ఇయోరి వస్తాడు. పైన కింద మూడుసార్లు, బీ డీ నొక్కితే లియోనా. రాకపోతే మీ రోమ్ (ఆట ఫైలు) ఏదో చూసుకోండి. అన్నీ కలిపి అమ్మే డబ్బాల్లో 97 ప్లస్ అనే బూట్‌లెగ్ కూడా పెడుతున్నారు, అది అసలు ఆట కాదు.

ఎంవీఎస్_మెకానిక్:
ఎమ్యులేటర్లతో (పాత ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాములతో) ఆడుతూ గేట్ల గురించి కొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. నియో జియో బోర్డులు బాగుచేయడమే నా పని, ఈ థ్రెడ్‌లో బోర్డు విప్పి చూసినవాళ్లు ఇంకెవరూ ఉన్నట్టు లేరు. ఎంవీఎస్ (నియో జియో అసలు ఆర్కేడ్ బోర్డు) కొనండి. కొనేముందు 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ పక్కన ట్రాక్‌లు (బోర్డు మీది రాగి గీతలు) చూడండి. ఆకుపచ్చగా ఉంటే బ్యాటరీ కారింది. బ్యాటరీ కోసి తీసేసి, వెనిగర్‌తో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, తెగిన ట్రాక్‌కి సన్నతీగ వేయాలి. బదులు సీఆర్2032 పెడితే ఛార్జింగ్ దారి తెంచి డయోడ్ వేయడం తప్పనిసరి, లేకపోతే ఛార్జ్ కాకూడని సెల్ ఛార్జ్ అవుతుంది. 5 వోల్టులు సప్లై దగ్గర కాదు, బోర్డు ఆన్‌లో ఉండగా ఎడ్జ్ కనెక్టర్ దగ్గర కొలవండి. తగ్గితే వాచ్‌డాగ్ (బోర్డు తడబడితే మళ్లీ మొదలుపెట్టే సర్క్యూట్) రీసెట్ చేస్తూనే ఉంటుంది.

టంకం:
నేనూ విప్పినవాణ్ణే, కొంచెం మర్యాదగా రాయండి. పైగా ఆయనకి స్ట్రీట్ ఫైటర్ 2 కూడా కావాలి, అది నియో జియో ఆట కాదు, ఎంవీఎస్‌లో ఎలా వస్తుంది?

కొత్తపెట్టె:
ప్లైవుడ్, ఆలస్యం సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్. వడ్రంగి రేపు వస్తున్నాడు.

టంకం:
18 మి.మీ. ఎక్కువ. సన్వా ఓబీఎస్‌ఎఫ్-30 బటన్ల క్లిప్పులు 2 నుంచి 4 మి.మీ. పలకకే పట్టుకుంటాయి. పైన 3 మి.మీ. యాక్రిలిక్ వేసి, కింద చెక్కలో బటన్ల చోటు పెద్దగా కోయించండి. లేదా మరతో బిగించే ఓబీఎస్‌ఎన్-30 తీసుకోండి, అప్పుడూ 18 మందం మీద పట్టవు, కింద నుంచి గాడి తీయాల్సిందే. జేఎల్‌ఎఫ్ కడ్డీ పైకి సుమారు 23 మి.మీ. వస్తుంది, చెక్క పూర్తి మందం ఉంటే బంతి పలకకి ఆనుకుంటుంది. రంధ్రాలు 30 మి.మీ., స్టార్ట్‌కి 24. బటన్ మధ్య నుంచి మధ్యకి 36. వైరు క్లిప్పులు సన్వాకి 2.8 మి.మీ., లోకల్ బటన్లకి 4.8 కావచ్చు, రెండూ కలిపి కొనకండి.

మూడోస్టాక్:
ఎన్‌కోడర్‌కి రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు మీద జీపీ2040-సీఈ ప్రోగ్రాం వేయండి, 1000 హెర్ట్జ్‌లో ఆలస్యం 1 మిల్లీసెకనులోపే. అసలు ఆలస్యం టీవీది, ముందు గేమ్ మోడ్ పెట్టండి. రెట్రోఆర్చ్ ప్రోగ్రాంలో పాజ్ చేసి, బటన్ పట్టుకుని, కీబోర్డు మీద కే నొక్కుతూ ఎన్నో ఫ్రేముకి బొమ్మ కదిలిందో లెక్కపెట్టండి. రన్-అహెడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) దానికంటే ఒకటి తక్కువే ఉండాలి, పెంచితే యానిమేషన్‌లో ఫ్రేములు ఎగిరిపోతాయి.

ఎంవీఎస్_మెకానిక్:
ఎంవీఎస్ బొమ్మ మారే వేగం 59.185 హెర్ట్జ్. మీ 60 హెర్ట్జ్ స్క్రీన్‌కి కట్టేస్తే ఆట 1.4 శాతం వేగంగా నడుస్తుంది. దాని మాట ఎవరూ ఎత్తలేదు.

స్లగ్ఫ్యాన్:
మెటల్ స్లగ్ అడిగి మూడు రోజులైనా ఒక్క ముక్క లేదు! 1996 నాటి మొదటిది పెట్టండి, తర్వాత మెటల్ స్లగ్ ఎక్స్. 1998 నాటి రెండో భాగం జనం ఎక్కువైతే నత్తనడక నడుస్తుంది, అసలు బోర్డులోనూ అంతే. రెండోదాన్నే సరిదిద్దిన 1999 ఎక్స్‌లో ఆ నడక చాలా తగ్గించి, శత్రువుల చోట్లు కూడా మార్చారు. ఎఫ్‌బీ నియో ఎమ్యులేటర్‌లో సీపీయూ వేగం 200 శాతం చేస్తే రెండోదీ చాలావరకు కుదుటపడుతుంది.

ఎంవీఎస్_మెకానిక్:
ఆ నెమ్మది వల్లే గుళ్లు తప్పించుకోగలుగుతున్నారు. వేగం పెంచితే అది వేరే ఆట.

స్లగ్ఫ్యాన్:
ఎక్స్ తయారు చేసినవాళ్లకి మీకంటే తెలియదా సార్?

ఇయోరి97:
బటన్లు ఆరు వేయండి. స్ట్రీట్ ఫైటర్‌కి పైవరస పంచ్‌లు, కిందవరస కిక్‌లు. 97కి ఎడమ నాలుగే: పైన ఏ సీ, కింద బీ డీ. దొర్లడానికి ఏ బీ ఒకే నిలువులో పడతాయి, సీ డీ కూడా అంతే. మ్యాక్స్‌కి (కాసేపు దెబ్బల బలం పెంచే మోడ్) ఏ బీ సీ మూడూ కావాలి కాబట్టి బొటనవేలు బీ మీదికి తేవడం అలవాటు చేసుకోండి. మూడింటినీ ఐదో బటన్‌కి కట్టకండి, ఇంకొకరి పెట్టె మీద ఆడితే చెయ్యి ఆడదు.

డీపీ_కొట్టు:
గేటు మాత్రం జీటీ-వైయే.