పాత దుప్పటితో జిప్పు లేని కుషన్ కవర్లు

ప్రశ్న: కుట్టుమిషన్ మీద తిన్నని కుట్టు తప్ప మరేమీ రాని నేను, నడుమ పలచబడిన పాత నూలు దుప్పటితో 40 సెంటీమీటర్ల చదరపు కుషన్లకు కవర్లు కుట్టాలనుకుంటున్నాను. జిప్పు లేకుండా కుదురుతుందా? కొలతలు తెలియజేయగలరు.

జవాబు 1: జిప్పు అవసరమే లేదండి. ముందువైపుకు 42 × 42 సెంటీమీటర్ల ముక్క ఒకటి, వెనుకకు 42 × 28 ముక్కలు రెండు కత్తిరించండి. వెనుక ముక్కలు ఒక్కొక్కదానికి ఒక పొడవాటి అంచును 1 సెంటీమీటరు చొప్పున రెండుసార్లు మడిచి కుట్టి, మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా ముందు ముక్కపై పరిస్తే, అవి మధ్యలో 10 సెంటీమీటర్ల మేర ఒకదానిపై ఒకటి వస్తాయి; అంచు నుంచి 1 సెంటీమీటరు లోపలగా నాలుగు వైపులా కుట్టి, మూలల్లో మిగులు బట్టను కుట్టు తెగకుండా ఏటవాలుగా కత్తిరించి, కవరును తిరగేయండి.

జవాబు 2: పలచబడిన నడుమ భాగాన్ని మాత్రం వాడకండి. పొదుపు పేరుతో నేను వాడిన ముక్క (అదీ ముందువైపుకే!) నెల తిరగకుండానే చిరిగింది. పక్క అంచుల దగ్గరి బట్ట గట్టిగా ఉంటుంది.

జవాబు 3: కుషన్ మరీ మెత్తనిదైతే 42కు బదులు 40 తీసుకోవడమే నాకు నచ్చుతుంది, కవరు బిగువుగా, నిండుగా కనిపిస్తుంది. అప్పుడు వెనుక ముక్కలు 40 × 27 సరిపోతాయి.