కార్యాలయాల్లో విద్యుత్తు వృథాకు బాధ్యులు ఉద్యోగులా, భవనమా?

మాధవి:
ఒకే నమూనాలో కట్టి, ఒకే రకం యంత్రాలు బిగించిన రెండు కార్యాలయాలకు కూడా ఒకే బిల్లు రాదు. తేడా చాలావరకు మనుషుల దగ్గరే వస్తుంది. బోట్స్వానా, దక్షిణాఫ్రికాలలోని కొన్ని వాణిజ్య భవనాలను ఆడిట్ చేసిన మసోసో, గ్రోబ్లర్ అనే పరిశోధకులు, వాటిలో 56 శాతం విద్యుత్తు పనివేళలు కాని సమయంలోనే ఖర్చవుతోందనీ, దీపాలూ పరికరాలూ ఆపకుండా వెళ్ళిపోవడం అందుకు పెద్ద కారణమనీ 2010లో చూపారు. కనుక కొత్త యంత్రాలు కొనే ముందు అలవాట్లు మార్చాలన్నది నా వాదన.

రఘురాం:
మాధవి గారూ, వారానికి ఉన్న 168 గంటలలో పనివేళలు సుమారు 50 అనుకుంటే, ఆ లెక్క ప్రకారం మిగతా సమయపు సగటు లోడు, అంటే గంటకు లాగే విద్యుత్తు, పనివేళల లోడులో సగానికి కాస్త పైన ఉంటుంది. అది ఎక్కువే, కాదనను. కానీ అందులో సర్వర్లు, కేంద్రీకృత ఏసీ వంటి, ఉద్యోగి చేతిలో స్విచ్చే లేని వాటి వాటా ఎంతో తేల్చకుండా నేరం అతని మీద మోపలేం.

అలవాటు అని మీరంటున్నది చాలాసార్లు భవనానికి మనిషి ఇచ్చే జవాబు మాత్రమే. ఫొటోకాపీ యంత్రం పక్కన, గది వేడిని బట్టి ఏసీని నడిపే థర్మోస్టాట్ బిగిస్తే, అది ఆ వేడినే గది వేడిగా లెక్కగట్టి హాలంతటినీ చలికి వణికిస్తుంది; అప్పుడు గాలి సూటిగా తగిలే బల్ల దగ్గర కూర్చున్నవారు పైనున్న జాలీకి అట్టముక్క అంటిస్తారు, మరొకరు బల్ల కింద హీటరు పెట్టుకుంటారు, ఆ హీటరు వేడిని తోడిపోయడానికి ఏసీ మళ్ళీ అదనంగా పనిచేస్తుంది. ఉదయపు ఎండ కంప్యూటరు తెర మీద పడి అక్షరాలు కనిపించక దించిన బ్లైండ్లు, ఎండ అవతలి వైపుకు తిరిగాక కూడా దిగే ఉంటాయి, దీపాలు వెలుగుతూనే ఉంటాయి. వీటిలో ఏది బద్ధకం?

ఇమ్రాన్:
సెన్సార్లు పెడితే సరిపోతుందనేవారికి ఒక మాట. కదలకుండా టైపు చేసుకుంటున్న మనిషి లేడనుకొని దీపం ఆర్పేసే సెన్సారుకు నాలుగు రోజుల్లో టేపు పడుతుంది. మనిషే వెలిగించుకొని, ఎవరూ లేనప్పుడు దానంతట అది ఆరిపోయే ఏర్పాటు మేలు. పగటి వెలుగు చాలినప్పుడు దీపం అసలు వెలగదు.

మాధవి:
రఘురాం గారు చెప్పిన థర్మోస్టాట్‌ను సరైన చోటికి మార్చినా, దాన్ని 20 డిగ్రీలకు దించి కోటు వేసుకొని కూర్చునేవారు ఉంటారు కదా. జపాన్ ప్రభుత్వం 2005లో ‘కూల్ బిజ్’ పేరుతో కార్యాలయాల ఏసీని వేసవిలో 28 డిగ్రీల వద్ద ఉంచమని కోరుతూ, కోటూ టై లేకుండా రమ్మని ప్రోత్సహించింది. యంత్రం మారలేదు, మనుషుల తీరే మారింది.

రఘురాం:
మారింది ముందుగా దుస్తుల ఆనవాయితీ, అదీ పైనుంచి వచ్చిన పిలుపుతో. టై తప్పనిసరిగా ఉంచి ఉష్ణోగ్రత మాత్రమే పెంచి ఉంటే ఎంతమంది ఓర్చుకునేవారు? ఒక్కరు రాత్రిదాకా పనిచేస్తే అంతస్తంతా ఏసీ నడవాల్సిన జోనింగులో (ఏసీని భాగాలుగా విడదీసిన తీరులో) కూడా ఆ ఒక్కరినే తప్పుపడతామా?

మాధవి:
ఆ ఒక్కరిని కాదు, ఇంటికి వెళ్తూ మానిటరు ఆపని మిగతావారిని. అంతస్తుకో సబ్‌మీటరు పెట్టి, ఏసీకీ ప్లగ్గులకూ విడివిడిగా అర్ధరాత్రి రీడింగు తీయించండి. ప్లగ్గుల లోడు దిగకపోతే దానికి జోనింగును కారణంగా చూపలేరు.